లిఫ్ట్ చేసిన ఫోర్ బై ఫోర్ పికప్‌ను కిందికి దించడం ఎలా

సెకండ్ హ్యాండ్‌లో ఒక ఇసుజు వీ-క్రాసో, టొయోటా హైలక్సో కొన్నారనుకుందాం. పాత ఓనరు ముచ్చటపడి రెండు మూడు అంగుళాలు లేపించాడు, పెద్ద టైర్లు వేయించాడు. ఫొటోల్లో బాగుంటుంది, కాదనను. కానీ ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కాలంటే స్టూలు వేయాలి, జీడిపిక్కల బస్తా వెనక్కి ఎక్కించాలంటే భుజం దాటి ఎత్తాలి, రణస్థలం దాటాక హైవే మీద కాస్త స్పీడు పెంచితే పక్కగాలికి బండి ఊగుతుంది. అలాంటి బండిని మళ్లీ కంపెనీ ఎత్తుకి ఎలా దించుకోవాలో చెప్తాను. అంతకంటే కిందికి దించుతామనేవాళ్ల సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

చట్టం సంగతి ఒక్క ముక్కలో చెప్పేసి పనిలోకి పోదాం. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో మారిన 182ఏ సెక్షన్ ప్రకారం ఓనరుకి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదంటే 6 నెలల దాకా జైలు, లేదంటే రెండూ పడొచ్చు. అంటే లిఫ్ట్ తీసేయడం వల్ల మీకు పోయేదేం లేదు, రేపు యాక్సిడెంట్ క్లెయిమ్‌కి సర్వేయరు వచ్చి కిందికి తొంగి చూసినా టెన్షన్ ఉండదు.

ముందు కొలవండి

పానా పట్టుకునే ముందు టేపు పట్టుకోవాలి. చదునైన సిమెంటు నేల మీద బండి నిలబెట్టి, వెనక లోడు దించేసి, డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరు మీద ఎంత రాసి ఉంటే అంత గాలి నాలుగు టైర్లకీ కొట్టించి, చక్రం నడిబొడ్డు నుంచి నిలువుగా పైన మడ్‌గార్డు అంచు దాకా ఎంత ఉందో నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. నేల మీద నుంచి కొలవొద్దు, టైరు సైజు మారితే ఆ లెక్క తప్పిపోతుంది. తర్వాత అదే మోడల్‌లో ఎవరూ చెయ్యి పెట్టని బండి ఒకటి వెతికి, దానికీ అవే కొలతలు తీసుకోండి. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఈ బళ్లు ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు, అడిగితే టేపు పెట్టనిస్తారు. ఆ రెండింటికీ తేడా ఎంతో అంతే మీరు దించాల్సింది. కుడి ఎడమల మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు కింద పడుకుని, పాత ఓనరు ఏం చేయించాడో చూడాలి. అసలు పనంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే లిఫ్ట్ ఎలా చేశారో తెలిస్తేనే దాన్ని ఎలా విప్పాలో తెలుస్తుంది.

వీ-క్రాస్‌కీ, హైలక్స్‌కీ ముందు వైపు చక్రాన్ని చాసిస్‌కి (బండి కింది ఇనుప చట్రానికి) కలిపే పై ఆర్మ్, కింద ఆర్మ్, వాటి మధ్యలో స్ప్రింగు చుట్టిన షాక్ అబ్జార్బర్ ఉంటాయి. ఆ షాక్ పైభాగం చాసిస్‌కి మూడు నట్లతో బిగించి ఉంటుంది. అక్కడ ఇనుముతోనో అల్యూమినియంతోనో చేసిన మందపాటి బిళ్ల ఒకటి కనిపిస్తే అది స్పేసర్. షాక్ కింది చివర ఆర్మ్ మధ్యభాగంలో ఎక్కడో తగులుకుని ఉంటుంది కాబట్టి, స్పేసర్ మందం ఎంత ఉంటే చక్రం దగ్గర దాదాపు దానికి రెట్టింపు ఎత్తు వస్తుంది. బిళ్ల పాతిక మిల్లీమీటర్లే కదా, బండి రెండంగుళాలు ఎలా లేచింది అని బుర్ర గోక్కోకండి. స్పేసర్ లేకుండానే బండి ఎత్తుగా ఉంటే స్ప్రింగులే మార్చి ఉంటారు, రంగు చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది, కంపెనీ స్ప్రింగు నల్లగా ఉంటుంది, బయట కిట్లవి పసుపో ఎరుపో నీలమో. అలా అయితే కంపెనీ స్ప్రింగులు కొత్తవి కొనడం తప్ప దారి లేదు.

కొన్ని పాత పికప్‌లకి షాక్ చుట్టూ స్ప్రింగే ఉండదు. కింద చూస్తే ఆర్మ్ నుంచి వెనక్కి, చాసిస్ పొడవునా ఒక లావుపాటి కడ్డీ వెళ్తుంది. అది టార్షన్ బార్, దాని వెనక చివర బోల్టు బిగించి బండిని లేపుతారు. ఇలాంటి బండి మీదైతే అదృష్టవంతులు, కొత్త పార్టులు కొనక్కర్లేదు.

వెనక కమాను కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు. ఫోర్ బై ఫోర్ పికప్‌లలో కట్ట ఎక్కువగా హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఉండే ఇరుసు గొట్టం) పైన కూర్చుంటుంది. కట్టకీ హౌసింగ్‌కీ మధ్య ఇనుప దిమ్మ ఉంటే అది లిఫ్ట్ బ్లాక్. దిమ్మ లేకపోతే పట్టీలు లెక్కపెట్టండి, మిగతావాటి కంటే కొత్తగా, తుప్పు లేకుండా మెరుస్తున్న పట్టీ ఒకటి ఉంటే అది తర్వాత చేర్చింది. అదీ లేకపోతే వెనక షాకిల్ (కట్ట చివరని చాసిస్‌కి వేలాడదీసే లింకు) పొడవు చూడండి, కంపెనీ షాకిల్ కంటే పొడవుగా ఉందా అని. షాకిల్ ఒక అంగుళం పొడవు పెరిగితే చక్రం దగ్గర అర అంగుళమే లేస్తుంది.

నాలుగంగుళాలు దాటి లేపిన బండి, ముందు డిఫరెన్షియల్‌కి (ముందు చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టెకి) కొత్త బ్రాకెట్లు పెట్టి, చాసిస్ క్రాస్ మెంబర్ (అడ్డదూలం) కోసి వెల్డింగ్ చేసినదైతే మాత్రం ఇది మీ ఇంటి దగ్గర తేలే పని కాదు. అలాంటి బండి కొనకముందే చూసుకుంటే ఇంకా మంచిది.

ఏమేం కావాలి

కొత్త యూ బోల్టులు (కట్టని హౌసింగ్‌కి బిగించేవి), నట్లు, వాషర్లతో సహా. ఇది మాత్రం మరిచిపోవద్దు. బ్లాక్ తీసేశాక పాత పొడవు బోల్టుకి మర చాలదు, నట్టు చివరిదాకా వచ్చి ఆగిపోతుంది, బిగిసినట్టు అనిపిస్తుంది కానీ కట్ట మాత్రం వదులుగానే ఉంటుంది. పొడవు సరిపోయినా సరే, ఒకసారి గట్టిగా బిగించిన యూ బోల్టు సాగిపోయి ఉంటుంది, దాన్ని మళ్లీ వాడకూడదు. కడ్డీ మందం, లోపలి వెడల్పు, పొడవు కొలిచి తీసుకెళ్తే కమాన్ పని చేసే షెడ్లలో చేసిస్తారు. సాలూరు (ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది, కానీ విజయనగరం వాళ్లకి ఇంకా సాలూరు సాలూరే) లారీలకీ, బాడీ పనులకీ పేరున్న ఊరు, కమాన్లంటే అక్కడివాళ్లకి చెప్పాల్సిన పని లేదు.

తర్వాత కంపెనీ పొడవున్న షాక్ అబ్జార్బర్లు. లిఫ్ట్ కిట్‌తో వచ్చిన పొడవు షాకులు బండి దించాక ఉంచేస్తే, గుంతలో పడినప్పుడు బంప్ స్టాప్ రబ్బరు తగలకముందే షాక్ లోపల అడుగుకి కొట్టుకుంటుంది, కొన్నాళ్లకే ఆయిల్ కారుతుంది. సెంటర్ బోల్టులు (కట్టలోని పట్టీలని మధ్యలో కలిపి పట్టేవి) రెండు, షాకిల్ లోపలి రబ్బరు బుష్‌లు. పెద్ద జాకీ, గట్టి స్టాండ్లు కనీసం రెండు, నాలుగుంటే హాయి. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి, ఏ బోల్టు ఎంత బిగించాలో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, ఆ అంకెలు పక్క బండివి వాడొద్దు.

భావనపాడు, కళింగపట్నం, బారువ వైపు సముద్రం పక్క ఊళ్లలో తిరిగే బండి అయితే ఉప్పుగాలికి యూ బోల్టు నట్లు, షాకిల్ బోల్టులు పట్టేసి ఉంటాయి. పనికి ముందు రోజు సాయంత్రమే వైర్ బ్రష్‌తో మరలు రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి, పొద్దున మళ్లీ ఒకసారి కొట్టండి. పానాకి పైపు తొడిగి ఒకేసారి బలం పెడితే బోల్టు తలకాయ చేతికొస్తుంది.

ముందు వైపు

బండి సిమెంటు నేల మీదే ఉండాలి. వానాకాలంలో మట్టి మీద జాకీ పెడితే కింద పలక వేసినా ఒక పక్కకి దిగుతుంది. వెనక చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టండి, హ్యాండ్ బ్రేకు వేయండి, గేరులో ఉంచండి. వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, అప్పుడు లేపి, స్టాండ్లు చాసిస్ కింద పెట్టండి, ఆర్మ్ కింద కాదు. జాకీ మీద ఉన్న బండి కిందికి దూరొద్దు. తెలిసినవాళ్లు కూడా బద్ధకించేది ఇక్కడే.

చక్రం తీశాక, స్టెబిలైజర్ రాడ్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీ) లింకు రెండు వైపులా విప్పేయండి, ఒక వైపే విప్పితే రెండో వైపు నుంచి రాడ్డు లాగుతూనే ఉంటుంది. బ్రేకు హోస్, ఏబీఎస్ వైరు ఆర్మ్‌కి క్లిప్పులతో ఉంటాయి, వాటిని వదిలించండి, లేకపోతే ఆర్మ్ కిందికి జారినప్పుడు ముందుగా తెగేవి అవే. కింద ఆర్మ్‌కి జాకీ ఆసరా ఇవ్వండి. అలైన్‌మెంట్ కోసం ఆర్మ్ లోపలి చివర ఉండే క్యామ్ బోల్టుల మీద ఇప్పుడున్న చోట పెయింటుతో గీత పెట్టుకోండి.

ఇక షాక్. పైన చాసిస్‌కి పట్టుకున్న మూడు నట్లు, కింద ఆర్మ్‌కి ఉన్న ఒక పెద్ద బోల్టు. ఈ నాలుగే విప్పాలి. ఆ మూడు నట్ల మధ్యలో ఇంకో నట్టు కనిపిస్తుంది, షాక్ కడ్డీ చివర, ఒంటరిగా. దాని జోలికి వెళ్లొద్దు. నొక్కిపెట్టిన స్ప్రింగు మొత్తాన్ని పట్టి ఉంచింది ఆ ఒక్క నట్టే, అది విప్పితే స్ప్రింగు బయటికి దూకుతుంది, ఎదురుగా ముఖం ఉంటే ముఖం, చెయ్యి ఉంటే చెయ్యి. స్పేసర్ పైన పెట్టిన బండికి ఈ నట్టుతో అసలు పనే లేదు. స్ప్రింగు మార్చాల్సిన బండి అయితే షాకులు రెండూ బయటికి తీసి, స్ప్రింగు కంప్రెసర్ గోడకో బల్లకో బిగించి ఉన్న షెడ్డుకి పట్టుకెళ్లి మార్పించుకురండి. రెండు హుక్కులతో వచ్చే చవక కంప్రెసర్‌ని ఇంట్లో వాడమని నేనైతే చెప్పను.

షాక్ బయటికి రావాలంటే ఆర్మ్ కాస్త కిందికి దిగాలి. జాకీని కొంచెం కొంచెంగా వదులుతూ దించండి, ఆర్మ్ ఒక్కసారిగా వేలాడిపోకూడదు. ఫోర్ బై ఫోర్‌కీ టూ వీల్ డ్రైవ్‌కీ ఇక్కడే తేడా, ఇక్కడ చక్రానికి డ్రైవ్ షాఫ్ట్ (డిఫరెన్షియల్ నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే కడ్డీ) తగులుకుని ఉంది, మరీ ఎక్కువ దిగితే లోపలి జాయింటు దాని గిన్నె లోంచి ఊడి వచ్చేస్తుంది. చోటు చాలకపోతే పై ఆర్మ్ చివరి బాల్ జాయింట్ నట్టు విప్పి, నకుల్‌ని (చక్రాన్ని మోసే ఇనుప ముక్కని) తాడుతో చాసిస్‌కి కట్టి పక్కకి వంచండి. ఎలాగూ ఇంత దూరం వచ్చారు కాబట్టి డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు వేళ్లతో మడతలు విప్పి చూడండి. లిఫ్ట్ చేసిన బండిలో షాఫ్ట్ ఎప్పుడూ ఎక్కువ వంపులో తిరుగుతుంది కాబట్టి మడతల మధ్య చీలికలు వస్తాయి. చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే బూటు అప్పటికే చిరిగింది, లోపలికి ఇసుక వెళ్లకముందే మార్చుకోండి.

స్పేసర్ తీసి, షాక్‌ని నేరుగా చాసిస్‌కి బిగించండి. స్పేసర్ పట్టాలని షాక్ మీది పాత స్టడ్‌లని ఎవరైనా కోసేశారేమో చూసుకోండి, కోసేసి ఉంటే పై మౌంటు కొత్తది కావాలి. లిఫ్ట్‌తో పాటు డిఫరెన్షియల్ కిందికి దించడానికి స్పేసర్లు పెట్టి ఉంటే అవి కూడా తీసేయాలి, లేకపోతే షాఫ్ట్ వంపు ఇప్పుడు తిరగబడుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి, ఆర్మ్ బుష్‌ల బోల్టులు వదులు చేసి ఉంటే వాటిని బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. బుష్ రబ్బరు బయటా లోపలా ఇనుముకి అతుక్కుని ఉంటుంది, వేలాడుతున్నప్పుడు బిగిస్తే చక్రాలు నేలకి ఆనాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, కొన్నాళ్లకి చిరిగిపోతుంది. చేత్తో బిగించి వదిలేసి, బండి కిందికి దించి, రెండడుగులు ముందుకీ వెనక్కీ కదిపి, బంపరు పట్టుకుని నాలుగుసార్లు నొక్కి, అప్పుడు టార్క్ రెంచ్ పెట్టండి.

టార్షన్ బార్ బండి అయితే పని ఇంత లేదు. ముందు రెండు చక్రాలూ గాల్లో వేలాడేలా లేపి, వెనక ఉన్న ఎడ్జస్ట్ బోల్టు ఇప్పుడు ఎంత మర బయటికి ఉందో కొలిచి రాసుకుని, రెండు వైపులా సమానంగా ఒక్కో చుట్టు వదులుతూ పోండి. కొన్ని చుట్లు తిప్పాక కిందికి దించి, బండి కాస్త నడిపి, అప్పుడు కొలవండి. దించిన వెంటనే కొలిస్తే టైర్లు ఇంకా లోపలికి లాగి ఉండడం వల్ల ఎత్తు ఎక్కువ చూపిస్తుంది.

వెనక వైపు

ఇప్పుడు దిమ్మలు ముందు చక్రాలకి మార్చండి. వెనక లేపితే హ్యాండ్ బ్రేకు పనికిరాదు, అది పట్టేది వెనక చక్రాలనే కదా. చాసిస్ స్టాండ్ల మీద, హౌసింగ్ జాకీ మీద, రెంటికీ ఆసరా ఉండాలి. షాకుల కింది బోల్టులు తీసేసి, ఒక వైపు పూర్తిచేశాకే రెండో వైపు ముట్టుకోండి, రెండూ ఒకేసారి విప్పితే హౌసింగ్ పక్కకి తిరిగిపోతుంది, దాన్ని మళ్లీ చోటుకి తేవడానికి ముగ్గురు మనుషులు కావాలి.

యూ బోల్టులు విప్పి, జాకీ మెల్లగా వదిలితే హౌసింగ్ దిగుతుంది, బ్లాక్ బయటికి వస్తుంది. కట్ట కింద సెంటర్ బోల్టు గుండ్రటి తల ఉంటుంది, అది హౌసింగ్ మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. జాకీ లేపుతూ బ్యాటరీ లైటు వేసి కళ్లారా చూడండి. అది కూర్చోకుండా యూ బోల్టులు బిగించేస్తే బండి కొంచెం వంకరగా నడుస్తుంది, అలైన్‌మెంట్ షాపు వాడు ముందు చక్రాలు ఎంత సరిచేసినా స్టీరింగు నిటారుగా నిలబడదు.

అదనపు పట్టీ తీయాలంటే కట్ట మొత్తం సి-క్లాంపుల్లో బిగించి, అప్పుడు సెంటర్ బోల్టు విప్పి, క్లాంపులు మెల్లగా వదలాలి. కంపెనీ ఇచ్చిన పట్టీ ఒక్కటి కూడా తీయొద్దు, బండి దిగుతుంది నిజమే, మోసే బరువు కూడా దిగిపోతుంది.

యూ బోల్టుల నాలుగు నట్లూ ఎదురెదురుగా మార్చి మార్చి, విడతల వారీగా బిగించండి. తర్వాత చిన్న చిన్నవి. బ్రేకు హోస్‌కి పొడిగింపు బ్రాకెట్ పెట్టి ఉంటే తీసేయండి. హౌసింగ్ నుంచి చాసిస్‌కి సన్నటి కడ్డీతో కలిసిన బ్రేకు వాల్వు ఉన్న బళ్లు కొన్ని ఉంటాయి, లోడును బట్టి వెనక బ్రేకు ఎంత పట్టాలో అది చూసుకుంటుంది. లిఫ్ట్ చేసినప్పుడు ఆ కడ్డీకి ఎక్స్‌టెన్షన్ పెడతారు. బండి దించి దాన్ని అలాగే వదిలేస్తే వాల్వు దృష్టిలో బండి ఎప్పుడూ ఫుల్ లోడ్ మీద ఉన్నట్టే, ఖాళీ బండితో తడి రోడ్డు మీద బ్రేకు కొడితే వెనక చక్రాలు లాక్ అయి బండి తిరిగిపోతుంది. చాలామంది మెకానిక్‌లు చూడకుండా వదిలేసేది ఇదే, మీరే వంగి చూసుకోండి.

దించాక

స్టీరింగు ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పి, టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌కి గానీ మడ్ ఫ్లాప్‌కి గానీ తగులుతోందా చూడండి. లిఫ్ట్ కోసం వేసిన పెద్ద టైర్లు ఇప్పుడు రాసుకునే అవకాశం ఉంది. నిలబెట్టినప్పుడు తగలకపోయినా, ఒక చక్రం గట్టు మీదికి ఎక్కించి తిప్పి చూడండి. టైర్లు మార్చాల్సి వస్తే నాలుగూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి, ముందూ వెనకా తేడా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) మీద బరువు పడుతుంది. పొడి తారు రోడ్డు మీద ఫోర్ హెచ్‌లో (హై స్పీడు ఫోర్ వీల్ డ్రైవ్‌లో) వెళ్లకూడదన్నది ఎలాగూ తెలిసిందే.

తర్వాత నేరుగా అలైన్‌మెంట్‌కి. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం) ఒక్కటే చూసి పంపేస్తే ఒప్పుకోవద్దు, క్యాంబర్ (చక్రం పైభాగం వాలు), క్యాస్టర్ (స్టీరింగు ఇరుసు వాలు) కూడా ప్రింట్ తీసి చూపించమనండి. హెడ్‌లైట్లు కూడా సరిచేయించుకోండి, బండి ముందు భాగం దిగితే వెలుతురు దగ్గరే పడిపోతుంది.

మొదటి రోజు ఖాళీ బండితో శ్రీకాకుళం సింహద్వారం నుంచి నరసన్నపేట దాకా హైవే మీద వెళ్లి రండి, చేతులు వదులుగా పెట్టి బండి ఏ పక్కకైనా లాగుతోందా గమనించండి. మర్నాడు లోడు వేసి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే మలుపుల్లో ఏ బుష్ కిర్రుమంటుందో, ఏ లింకు టకటకలాడుతుందో మొత్తం బయటపడిపోతుంది. ఇంటికొచ్చాక యూ బోల్టులు మళ్లీ టార్క్ పెట్టండి. 500 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. కొత్త యూ బోల్టు మొదట్లో కాస్త సర్దుకుంటుంది, నట్టు వదులైతే సెంటర్ బోల్టు విరుగుతుంది, విరిగితే హౌసింగ్ వెనక్కి జరిగిపోతుంది.

కంపెనీ ఎత్తు కంటే కిందికి దించుదామంటారా

చేయొచ్చు, కానీ ఫోర్ బై ఫోర్ పికప్‌కి ఇది పెట్టుకోవాల్సిన పని కాదని నా అభిప్రాయం. వెనక కట్టని హౌసింగ్ కిందికి మార్చే ఫ్లిప్ కిట్లు ఉన్నాయి, హౌసింగ్ గొట్టం మందం, కట్ట మందం కలిపి ఒకేసారి ఐదారు అంగుళాలు దిగిపోతుంది. అప్పుడు హౌసింగ్ చాసిస్‌కి కొట్టుకోకుండా చాసిస్‌నే గుంటగా కోయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలకి బలం తీసుకెళ్లే పొడవు కడ్డీ) కోణం మారి క్రాస్ జాయింట్లు అరుగుతాయి, ముందు వైపు డిఫరెన్షియల్ చాసిస్‌కే ఉంటుంది కాబట్టి డ్రైవ్ షాఫ్ట్‌లు పైకి వంగి తిరుగుతాయి. పైన చెప్పిన సెక్షన్ 52 కూడా అప్పుడు మీ మీదికే వస్తుంది. స్ప్రింగు చుట్టు కోసేయడం, గ్యాస్ కటింగ్ మంట పెట్టి కాల్చి కూర్చోబెట్టడం లాంటివి ఎవరైనా చేస్తామంటే తాళాలు జేబులో వేసుకుని వచ్చేయండి, కాల్చిన స్ప్రింగుకి ఉక్కు పదును పోతుంది, ఏ గుంతలో విరుగుతుందో చెప్పలేం.

ఇంకో అర అంగుళమో ముప్పావు అంగుళమో తగ్గితే చాలనుకుంటే టైర్ల వైపు చూడండి. ఉదాహరణకి 255/65 ఆర్17 ఉండాల్సిన చోట 265/70 ఆర్17 వేసి ఉంటే టైరు ఎత్తులో దాదాపు 40 మిల్లీమీటర్ల తేడా, అందులో సగం, అంటే 20 మిల్లీమీటర్లు బండి ఎత్తులో కలుస్తుంది. పాత సైజుకి మారితే ఏ బోల్టూ విప్పకుండానే అంత దిగుతుంది. పెద్ద టైర్లతో స్పీడోమీటరు 80 చూపిస్తే బండి నిజానికి 84 మీద వెళ్తుంటుంది, ఆ తేడా కూడా సర్దుకుంటుంది. పెద్దవాళ్లు ఎక్కడానికైతే పక్కన ఫుట్‌స్టెప్ ఒకటి బిగిస్తే సరిపోతుంది.